ఊపిరికి ఉప్పు: ఒక తుంపర యంత్రం కథ

శ్రీకాకుళం జిల్లా నౌపడలోనూ బాపట్ల జిల్లా చినగంజాంలోనూ ఉప్పు పండించేవారికి ఎండే పెట్టుబడి. ఉప్పునీటిని మడుల్లోకి మళ్లిస్తే మిగతా పనిలో ఎక్కువ భాగం సూర్యుడే చేసిపెడతాడు. అంత ఎండ కాయని యూరప్ ప్రాంతాల్లో ఆ పని గాలికి అప్పగించారు. మడిని నేల మీద పరిచే బదులు నిలువుగా లేపారు. పోలండ్‌లోని చెహొత్సీనెక్‌లో యాకుబ్ గ్రాఫ్ గీసిన నమూనా ప్రకారం 1824–1828 మధ్య అలాంటి కట్టడాలు రెండు లేచాయి. నేలలో దిగ్గొట్టిన ఓక్ దుంగల మీద పొడవాటి చెక్క చట్రం కట్టి, దానినిండా ముళ్లకంప కూరారు. పైనుంచి వదిలిన ఉప్పునీరు కంప మీదుగా బొట్లుబొట్లుగా జారుతుంది. దారిలో గాలి తగిలి కొంత నీరు ఆవిరైపోతుంది, కిందికి చేరేసరికి ద్రావణం చిక్కబడుతుంది. 1859లో మూడోది కూడా కట్టారు. మూడూ కలిపితే పొడవు 1.7 కిలోమీటర్లకు పైనే, ఎత్తు దాదాపు 16 మీటర్లు.

ఇవన్నీ ఉప్పు తయారీ కోసం కట్టినవే. అయితే గాలి వీచినప్పుడు కంప నుంచి సన్నని ఉప్పు తుంపర లేచి చుట్టూ పరుచుకునేది. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ తుంపరలో నడవడం మొదలుపెట్టారు. నేటికీ అక్కడికి అందుకోసం వస్తున్నారు. నేడు ఆసుపత్రుల్లో కనిపించే నెబ్యులైజర్ వరకూ సాగిన కథలో ఇది తొలి ఘట్టం.

రెండో ఘట్టం భూగర్భంలో నడిచింది. క్రాకోవ్ దగ్గరి వియెలిచ్కా ఉప్పుగనిలో 13వ శతాబ్దం నుంచి తవ్వకం సాగింది. ఆ గని వైద్యుడు ఫెలిక్స్ బొచ్కోవ్‌స్కీ 1839లో అక్కడ ఉప్పునీటి స్నానాల చికిత్స ప్రారంభించి, 1843లో దాని గురించి పుస్తకం రాశాడు. గని కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బులు తక్కువని ఆయన గమనించినట్టు ఉప్పు చికిత్సను సమర్థించేవారు చెబుతారు. ఆ మాటను కాస్త ఆగి పరిశీలించాలి. ఆయాసం ఉన్న మనిషి గని పనిలో నిలవలేడు, మానేసి వెళ్లిపోతాడు. గనిలో మిగిలేది గట్టి ఊపిరి ఉన్నవాళ్లే. వాళ్లను చూసి గని గాలే ఆరోగ్యం ఇచ్చిందంటే, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసినట్టవుతుంది.

జర్మనీలోని క్లూటెర్ట్ గుహ అసలు ఉప్పు పాత్రపైనే అనుమానం కలిగిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు భయపడి జనం అందులో తలదాచుకున్నారు. వాళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి తేలికపడడం గమనించిన కార్ల్ హెర్మాన్ స్పన్నాగెల్ అనే వైద్యుడు దాన్ని అధ్యయనం చేశాడు. అయితే అది సున్నపురాతి గుహ, ఉప్పుగని కాదు! పుప్పొడి, పొగ, వీధి దుమ్ము చేరని, చల్లదనం మారని గాలి మాత్రం గుహలోనూ ఉంది, గనిలోనూ ఉంది. పోలండ్‌లో మియెచిస్లావ్ స్కులిమోవ్‌స్కీ 1958లో వియెలిచ్కా గనిలో ఉబ్బసం చికిత్సను క్రమపద్ధతిలో మొదలుపెట్టాడు, ఇప్పటికీ అక్కడ 135 మీటర్ల లోతున చికిత్స సాగుతోంది. ఉబ్బసానికి గని, గుహల చికిత్సపై జరిగిన పరీక్షలన్నింటినీ 2001లో, వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష జల్లెడ పట్టింది. ప్రమాణాలకు నిలిచినవి మూడే, వాటిలో పాల్గొన్నది 124 మంది ఉబ్బసం పిల్లలు. అంత కొద్ది ఆధారంతో ఏదీ నమ్మకంగా తేల్చలేమని సమీక్షకులు చెప్పారు.

ఇక యంత్రం సంగతి. రోగిని ఔషధజలాల ఊటల దగ్గరికి పంపే బదులు, ఆ జలాన్నే తుంపరగా మార్చి రోగి నోటి దగ్గరికి తేవాలని ఫ్రాన్సులో సాల్-జిరోన్ అనుకున్నాడు. 1858లో ఆయన చేసిన పరికరానికి చేతిపంపు ఉండేది. పిడిని నొక్కితే ద్రవం సన్నని రంధ్రం గుండా దూసుకొచ్చి ఎదురుగా ఉన్న పలకకు కొట్టుకుని చిట్లేది. 1860లలో జర్మనీలో సీగ్లే ఆవిరి ఒత్తిడితో నడిచే పరికరం తెచ్చాడు. ఆ తర్వాత కరెంటు కంప్రెసర్ వచ్చింది. నేడు పిల్లలకు 'నెబులైజేషన్ పెట్టారు' అన్నప్పుడు గుర్రుమంటూ తిరిగేది అదే. ఒత్తిడితో వచ్చే గాలి సన్నని రంధ్రం దాటేటప్పుడు కప్పులోని ద్రవాన్ని పైకి లాగి చీలుస్తుంది. పెద్ద బొట్లు అడ్డుగా ఉన్న ముక్కకు తగిలి మళ్లీ కప్పులోనే పడతాయి. సన్నవి మాత్రమే బయటికి వస్తాయి.

సన్నదనంలోనే అసలు రహస్యముంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. 10 మైక్రాన్లు దాటిన బొట్టు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. 1 నుంచి 5 మైక్రాన్లలోపువి శ్వాసనాళాల లోతుకు చేరతాయి. మరీ సన్నవైతే చాలావరకు తిరిగి బయటికే వస్తాయి.

1980లలో సోవియట్ యూనియన్‌లో నీరు లేకుండా, ఉప్పునే ఈ పరిమాణానికి నూరి గదిలోకి ఊదే యంత్రాలు పుట్టాయి. మన పెద్ద నగరాల్లో వెలసిన ఉప్పు గదులకు మూలం ఇవే. ఆ గదుల్లో గులాబీ రంగు ఉప్పు ఇటుకల గోడలు అందంగా ఉంటాయి. కానీ ఉప్పు కరగడానికే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. గది వేడికి గోడలోని ఉప్పు గాలిలో కలవదు. ఉప్పును నూరి ఊదే యంత్రం నడవకపోతే అది ఇటుకల గది, అంతే. యంత్రం నడిచినా, దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధి సీఓపీడీకి ఈ చికిత్సను సిఫారసు చేసేంత ఆధారం లేదని 2014లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది.

మరి సముద్రపు గాలి?  ఆయాసం ఉన్నవాళ్లను సముద్రపు గాలికి వెళ్లమనడం చాలాచోట్ల ఉన్నదే. లెక్క వేసి చూద్దాం. తీరపు గాలిలో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల ఉప్పు ఉందనుకుందాం. మనిషి రోజంతా పీల్చేది 11 ఘనపు మీటర్ల దాకా. అంటే రోజుకు అర మిల్లీగ్రాము పైచిలుకు. నెబ్యులైజర్ కప్పులో 7 శాతం ఉప్పునీరు 4 మిల్లీలీటర్లు పోస్తే అందులో 280 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో కొంత భాగమే ఊపిరితిత్తికి చేరినా తేడా పదుల రెట్లు.

ఈ 7 శాతం లెక్క వెనుక సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. ఈ జబ్బుకు కారణమైన జన్యువు 1989లో దొరికింది. అది పాడైతే కణాల నుంచి ఉప్పు సరిగా రాదు, ఉప్పు వెంట రావలసిన నీరూ రాదు. శ్వాసనాళాల్లో కఫం జిగురుగా గట్టిపడి సూక్ష్మక్రిములకు నెలవవుతుంది. ఆస్ట్రేలియాలో ఈ జబ్బున్న వాళ్లలో అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు మిగతావారికంటే మెరుగ్గా ఉండడం వైద్యుల కంటబడింది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మాగాయ ఊట దిగినట్టే, చిక్కని ఉప్పునీటి తుంపర నాళం గోడల నుంచి నీటిని లాగుతుంది. కఫం పలచబడి దగ్గుతో బయటికొస్తుంది.

ఆ ఊహను మార్క్ ఎల్కిన్స్, పీటర్ బై బృందం గట్టి పరీక్షకు పెట్టింది. 164 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 7 శాతం, మరో జట్టుకు 0.9 శాతం ఉప్పునీటిని రోజుకు రెండుసార్లు, 48 వారాల పాటు ఇచ్చారు. రుచిని బట్టి ఎవరూ పోల్చుకోకుండా రెండింట్లోనూ చేదు క్వినైన్ కలిపారు. 2006 జనవరిలో ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తుల సామర్థ్యంలో మెరుగుదల కొద్దిగానే కనిపించింది. కానీ జబ్బు తిరగబెట్టకుండా గడిపినవారు చిక్కని ఉప్పునీటి జట్టులో 76 శాతం, రెండో జట్టులో 62 శాతం. అంత చవకైన పదార్థం ఇచ్చిన ఆ ఊరట చిన్నది కాదు.

అయితే ఒక హెచ్చరిక తప్పనిసరి. చిక్కని ఉప్పునీరు ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలు బిగుసుకుపోయేలా చేయగలదు. 4.5 శాతం ఉప్పునీటి తుంపరను ఉబ్బసాన్ని నిర్ధారించే పరీక్షగా వాడేది ఇందుకే. పై అధ్యయనంలో కూడా ప్రతి మోతాదుకు ముందు నాళాలను విప్పే మందు ఇచ్చారు. ఉప్పు సహజమైనది కాబట్టి హాని చేయదనుకుని ఇంట్లో ఉప్పు కలిపి నెబ్యులైజర్‌లో పోయడం ప్రమాదం. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మానేసి ఉప్పు గదికి వెళ్లడం అంతకంటే ప్రమాదం. ఇక దుమ్ములో పనిచేసేవారికి, ఉదాహరణకు సూరత్‌లో మగ్గాల మధ్య బతుకుతున్న తెలుగు కుటుంబాలకు, క్లూటెర్ట్ గుహ చెప్పే పాఠం వేరు. దుమ్ము లేని గాలికే విలువ ఉంది. దుమ్మును లాగేసే ఏర్పాటు కార్ఖానాలో ఉండాలి. రోజంతా దుమ్ము పీల్చినవారికి సాయంత్రం ఉప్పు పీలిస్తే సరిపోదు.

మన దేశంలో నెబ్యులైజర్ చేయగల గొప్ప పని క్షయ నిర్ధారణ. చిన్నపిల్లలు కఫం ఉమ్మలేరు. తెల్లవారుజామున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీయడం పాత పద్ధతి. దక్షిణాఫ్రికాలో హీథర్ జార్ బృందం పిల్లలకు ఉప్పునీటి తుంపర పట్టి కఫం రప్పించింది. అలా తీసిన ఒక్క నమూనా, మూడు కడుపు నమూనాలకు సాటి వస్తుందని 2005లో చూపింది. తుంపరతో దగ్గు వస్తుంది, దగ్గుతో క్రిములు గాలిలోకి వస్తాయి. కాబట్టి గాలి బాగా ఆడే గది, సిబ్బందికి సరైన మాస్కులు తప్పనిసరి. అవి ఉంటే జిల్లా ఆసుపత్రిలోనే ఈ పని జరుగుతుంది.

ఎంత శాతం, ఎంత సన్నని తుంపర, ఏ జబ్బుకు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉన్నచోట ఉప్పు మందైంది. జవాబు లేనిచోట నమ్మకంగానే మిగిలింది. ఉప్పు గది ముందు నిలబడ్డ రోగి ఆ మూడూ అడగాలి. పిల్లల క్షయను వెతికే ప్రతి ఆసుపత్రీ ఈ చవకైన యంత్రాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి.