రైలుబండి గీత: దాని సమీకరణము



త్రైరాశికము మీకు క్రొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున నది కలదు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. బండి గంట కింత దూరము పోయినచో మూడు గంటల కెంత పోవునో మనవారు నోటిలెక్కగానే చెప్పుదురు. కాని ఆ బండి మన యూరనే బయలుదేరవలెను. ఎదుటి యూరినుండి మనవైపు వచ్చుదాని మాట యేమి?

సికింద్రాబాదునకు వాడినుండి ఇనుపదారి 1874లో వచ్చెను. 1966 నుండి దక్షిణమధ్య రైల్వే ముఖ్యకార్యాలయ మిచ్చటనే యున్నది. బండ్లను నడిపించు కంట్రోలు గదులలో నొక పటము గీయుదురు. అడ్డముగా గంటలు, నిలువుగా స్టేషనులు, బండి కొక గీత. పూర్వము పెన్సిలుతో గీచెడివారు, నేడు కంప్యూటరు తెరమీద గీయుచున్నారు, పద్ధతి యొక్కటే.

సికింద్రాబాదునుండి కాజీపేట 132 కిలోమీటర్లు. ఉదయము 6 గంటల కిచ్చటినుండి యొక ప్రయాణికుల బండియు, అదే వేళకు కాజీపేటనుండి యొక గూడ్సుబండియు బయలుదేరిన వనుకొందము. వేగము మాఱనిచో గీత తిన్నగా నుండును.

గీతను చూచి రెండు సంగతు లడుగవలెను. ఆరు గంటలయొద్ద నెచ్చట మొదలైనది? గంట కెంత యెక్కినది, లేక దిగినది? మొదటి గీత సున్నయొద్ద మొదలై 9 గంటలకు 132 కెక్కినది, గంటకు 44. సికింద్రాబాదునుండి దూరమును ‘దూ’ అనియు, గడచిన గంటలను ‘గ’ అనియు వ్రాసినచో,

దూ = 44గ.

ఇది త్రైరాశికమే. రెండవ గీత 132 యొద్ద మొదలై 9 గంటలకు 66 కు దిగినది. గంటకు 22 తఱుగు. కావున,

దూ = 132 − 22గ.

నా శిష్యులు పలువురు 132ను, తఱుగు గుర్తును మఱచి 22గ అని యూరకుండెడివారు. అట్లయిన గూడ్సుబండి సికింద్రాబాదుననే బయలుదేరి మొదటిదాని వెనుక పోవును! పరీక్షకాగితముమీద నెవరికిని అపాయము లేదు. పట్టాలమీద నట్లు కాదు.

ఏలయన, రెండు దూరములు సమానమగుచోట బండ్లు కలియును. 44గ = 132 − 22గ; అనగా 66గ = 132; గ = 2. ఎనిమిది గంటలకు, సికింద్రాబాదునకు 88 కిలోమీటర్ల దూరమున రెండును ఎదురుపడును. ఈ దారి నేడు జోడుదారి గనుక ప్రక్కప్రక్కగా సాగిపోవును. ఒంటిదారియైనచో, తప్పుకొనుటకు ప్రక్కపట్టాలుగల స్టేషను సరిగా నచ్చటనే యుండవలెను. లేనిచో నొకదానిని ముందటి స్టేషనులోనే నిలుపవలెను. నిలిచిన బండికి దూరము పెరుగదు, తఱుగదు. దాని గీత పటముపై అడ్డముగా సాగును. చిన్న స్టేషనున బండి ఊరక నిలిచెనని మనము విసుగుకొను అరగంట, పలుమార్లు, ఆ యడ్డుగీతయే.