బడి పిల్లల మనసు చదివే డాక్టరేటు

వట్లూరు పేరు చెప్పగానే చుట్టుపక్కల వారికి ముందు గుర్తొచ్చేది 1989లో వెలసిన సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కొల్లేటి లంకల దాకా తల్లిదండ్రుల నోట ఇంజనీరు, డాక్టరు తప్ప మూడో మాట రాదు. ఆ రెండింటి కోసమే పిల్లల్ని హాస్టళ్లకు పంపుతున్నాం. అక్కడ మార్కులు తగ్గి, నిద్ర పట్టక, ఎవరికీ చెప్పుకోలేక పిల్లవాడు కుమిలిపోతే ఆ గోడు వినేదెవరు?

2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ ఒక విద్యార్థిని మరణించింది. ఆ కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు, సామాజిక కార్యకర్తలలో కనీసం ఒకరైనా అందుబాటులో ఉండాలి. అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? బాధను పిల్లలు ఇంటి భాషలోనే చెప్పుకుంటారని మేము తరగతి గదుల్లో చూస్తున్నాం. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన మన అమ్మాయిలు ఈ పనికి ఎంతో అక్కరకొస్తారు. ఇందులో పైమెట్టు డాక్టరేటు.

అర్హతలేమిటి?

మన దేశంలో ఎక్కువగా సైకాలజీలోనో, ఎడ్యుకేషన్‌లోనో పీహెచ్‌డీ చేస్తూ బడి పిల్లల సమస్యను పరిశోధనాంశంగా తీసుకుంటారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ తదితర వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారైతే 75 శాతం కావాలి. నెట్ పరీక్షలో సైకాలజీ, ఎడ్యుకేషన్ వేర్వేరు సబ్జెక్టులు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరే వీలు వచ్చింది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖలున్నాయి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో పరిశోధన చేయవచ్చు.

ఒక హెచ్చరిక: ఇంటి దగ్గర ఉండి దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. చేద్దామనుకునే వారు జాగ్రత్త. 2025 జూలై-ఆగస్టు నుంచి ఆ సబ్జెక్టులో దూరవిద్య, ఆన్‌లైన్ కొత్త ప్రవేశాలను యూజీసీ ఆపివేయించింది.

గడువు, ఖర్చు

చేరాక 12 నుంచి 16 క్రెడిట్ల కోర్సువర్కు, తరువాత సిద్ధాంత గ్రంథం, బయటి పరీక్షకుల పరిశీలన, చివరికి మౌఖిక పరీక్ష. కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. పెళ్లయితే చదువు ఆగినట్లేనని బెంగపడే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఖర్చు మాటకొస్తే, మైనారిటీ పరిశోధకులకు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి నిలిచిపోయింది. ఇప్పుడు నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించడమే పెద్ద ఆసరా. 2023 జనవరి నుంచి అది తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000.

డిగ్రీ వేరు, అనుభవం వేరు

అమెరికాలో స్కూల్ సైకాలజీ పేరుతోనే డాక్టరేటు ఉంది. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ బడి పిల్లల ఇబ్బందుల కోసం తెరిచిన క్లినిక్ ఆ శాస్త్రానికి పునాది. అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం ప్రమాణాల ప్రకారం డాక్టరేటు విద్యార్థి కనీసం 1,500 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. మన పీహెచ్‌డీ ప్రధానంగా పరిశోధన డిగ్రీ. కాబట్టి పిల్లల మధ్య పనిచేసే అవకాశం మనమే వెతుక్కోవాలి. క్లినికల్ సైకాలజిస్టుగా చికిత్స చేయాలంటే పీహెచ్‌డీ ఒక్కటే చాలదు, అందుకు తగిన కోర్సు చదివి భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. బడిలో కౌన్సెలర్ కావడానికి మాత్రం డాక్టరేటు దాకా ఆగనక్కర్లేదు. సైకాలజీ పీజీ, కౌన్సెలింగ్ డిప్లొమాతో ఆ దారి పట్టవచ్చు.

ఇంటర్ తరువాత లెక్క వేస్తే డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, పరిశోధన మూడు నుంచి ఆరేళ్లు. దారి దూరమే. అందుకే ముందుగా నిర్ణయించుకోవాలి. మీ ఇంట్లో ఈ ఏడాది ఇంటర్ ముగించే అమ్మాయి ఉంటే, ఇంజనీరింగ్ సీటు మాటతో పాటు ఈ మాటా ఆమె ముందు పెట్టండి. ఆమె ఏమంటుందో ఓపికగా వినండి.