మంచుకొండలను అడుగులతో కొలచినవారు

నేడు మన తెలుగు పట్టణములనుండి యువజనులు వీపున మూటలు గట్టుకొని, హిమాలయములలో దినములతరబడి కాలినడకను సంచరించుటకు పోవుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆ కొండల కావలనున్న టిబెట్టునకు నమ్మదగిన కొలతలతో పటము సిద్ధించుట ఎవరి పాదముల చలవయో వీరిలో నెందరెరుగుదురు?

పందొమ్మిదవ శతాబ్దమున టిబెట్టులో ఐరోపీయులకు ప్రవేశము నిషిద్ధమై యుండెను. అందుచే సర్వేశాఖాధికారియగు మాంట్‌గోమరీ, టిబెట్టుతో వర్తకము చేయు కొండవాసులకు దెహరాదూనులో శిక్షణ మొసగి రహస్యముగా పంపెను. వారిలో అగ్రగణ్యుడు కుమాయూనులోని మిలాం గ్రామవాసి నయనసింగు. అతడు బడిపంతులు, కావుననే పండితుడని పేరొందెను.

అతని సాధనములు విచిత్రములు. జపమాలలో 108 పూసలకు బదులు 100 మాత్రమే యుండెను. ఎక్కినను దిగినను అడుగు సమముగా వేయుచు, నూరడుగుల కొక పూస జరుపుచుండెను. ప్రార్థనచక్రములో మంత్రమునకు బదులు లెక్కల కాగితములు దాగి యుండెను. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడిమికే మరుగును గావున, ఉష్ణమాపకమును మరుగునీట ముంచి స్థలముల యెత్తును గణించెను. ఈ విధముగా 1865లో బయలుదేరి, నేపాళము మీదుగా 1866 జనవరిలో లాసా చేరెను. ఆ యాత్రలో నడిచినది సుమారు 1200 మైళ్లు. మరల 1874లో లేహ్ నుండి లాసాకును, అచ్చటనుండి 1875లో అస్సామునకును నడిచెను. 1877లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవారు అతనికి బంగారుపతక మొసగిరి.

సిక్కింవాసియగు కింతప్ అంతటి అదృష్టవంతుడు కాడు. టిబెట్టులోని త్సాంగ్‌పోయే బ్రహ్మపుత్రయని నిరూపించుటకై 1880లో పంపబడిన యీ నిరక్షరాస్యుని, తోడువచ్చిన లామాయే బానిసగా అమ్మివేసెను. తప్పించుకొనియు అతడు ఇంటిదారి పట్టలేదు. గురుతులు పెట్టిన 500 దుంగలను, దినమునకు 50 చొప్పున, నదిలో విడిచెను. అతడు వ్రాయించి పంపిన జాబు సకాలమున చేరనందున దిగువను వానిని కనిపెట్టినవారు లేరైరి. 1884లో తిరిగివచ్చి చెప్పిన మాటలను పలువురు విశ్వసింపరైరి. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఆంగ్లేయులు ఆ లోయలు చూచివచ్చిన పిమ్మటగాని అతని మాటలకు విలువ కలుగలేదు.

వీరు పరప్రభుత్వపు చారులు గదా, వీరిని కీర్తింపనేల యని కొందరనవచ్చును. ఆ కొలతలు కోరినది సామ్రాజ్యమే. 1904లో ఆంగ్లసేన లాసాలో ప్రవేశించిన మాటయు నిజమే. మేము దానిని దాచము. కాని యజమాని యుద్దేశమును బట్టి కూలివాని శ్రమను తృణీకరించుట న్యాయము గాదు. 2004లో మన తపాలాశాఖవారు నయనసింగు పేర బిళ్ల వెలువరించిరి. అది తగిన పనియే. అంతటితో ఋణము తీరలేదు.

నేటికిని మన యాత్రికుల డేరాలను, వంటసామానులను మంచులో మోయుచున్నవారు ఆ కొండల బిడ్డలే. ఛాయాచిత్రములలో వారు కానరారు. కథనములలో వారి పేర్లుండవు. కొండకు బిడ్డను పంపు ప్రతి తల్లిదండ్రియు, పోవు ప్రతి యువకుడును రెండు ప్రశ్నలు వేయవలెనని మా మనవి: మూట మోయువానికి తగిన కూలి ముట్టుచున్నదా? చలికి చాలిన దుస్తులును, ఆపదకు భీమాయును కలవా? దీనికి సంతృప్తికరమగు జవాబు దొరకనిచో ఆ యాత్రాసంఘమునకు సొమ్ము చెల్లింపకుండుటయే కర్తవ్యము.