నిన్నటిదాకా పడిన తిండి

"నాకు ఆ కూర పడదు" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది. కడుపు ఉబ్బరించినా పడదనే అంటాము. దద్దుర్లు లేచినా పడదనే అంటాము. ఈ రెండింటికీ గల భేదం ప్రాణానికి సంబంధించినదని, యాభై ఏళ్లు దాటిన తరువాత గాని మేము గ్రహించలేకపోయాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి ఖరగ్‌పూర్‌కు తరలివచ్చిన కుటుంబాలలో మాది ఒకటి. వంకాయ, ఎండురొయ్యల కూరతో పెరిగిన మాకు వంగదేశపు చింగ్రీ పరాయిది కాదు. అటువంటిది, ఒకనాడు పొరుగువారింటి విందులో రొయ్యలు వేసిన సొరకాయ కూర తిన్న పావుగంటకే అరచేతులు దురద పెట్టాయి, పెదవులు వాచాయి, గొంతు బిగిసింది. ఒక మాత్ర మింగి పడుకుంటే తగ్గుతుందని తలచాము. "మీ మాట బొంగురుపోతోందండీ, ఆసుపత్రికి పదండి" అని మా శ్రీమతి పట్టుబట్టింది.

తొడకు ఎడ్రినలిన్ సూది వేసిన వైద్యుడు, "ఇంతకు మునుపు ఏదైనా సూచన కనబడిందా?" అని అడిగారు. రెండు నెలల క్రితం రొయ్యలు తిన్ననాడు నోరు దురద పెట్టిన సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చింది. యంత్రంలో కొత్త శబ్దం వినబడితే ఆపి పరీక్షించే మేము, సొంత శరీరం చేసిన హెచ్చరికను పెడచెవిన పెట్టాము.

ఎలర్జీ అనే పదాన్ని 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ప్రవేశపెట్టాడు. దోషం లేని లైనును రిలే ట్రిప్ చేసినట్లు, శరీర రక్షణ వ్యవస్థ హానిలేని మాంసకృత్తును శత్రువుగా భావించి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. మరల అదే ఆహారం లోపలికి చేరినప్పుడు హిస్టమిన్ మొదలైన రసాయనాలు వెలువడతాయి. ఏళ్ల తరబడి తిన్న పదార్థానికే నడివయసులో ఇట్లు జరుగవచ్చును. పెద్దలలో కొత్తగా కనిపించే వానిలో రొయ్యలు, పీతలు ముఖ్యమైనవి. వీనిలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఉడికించినా, వేయించినా నశించదు. లాక్టేజ్ తక్కువై పాలు అరగకపోవడం వేరు. అది బాధే గాని ప్రాణాపాయం కాదు.

తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగింపు, కళ్లు తిరగడం కనబడితే తక్షణం ఆసుపత్రికి చేరవలెను. ఎలర్జీ మాత్ర ఎడ్రినలిన్‌కు ప్రత్యామ్నాయం కాదు. రోగిని నడిపించక పడుకోబెట్టవలెను. ఆయాసం ఉంటే కూర్చోబెట్టవలెను. ఆ పిమ్మట నిపుణునిచే చర్మ పరీక్ష, రక్త పరీక్ష చేయించుకొని, ఏది మానవలెనో నిర్ధారించుకోవలెను. అనుమానంతో అన్నీ మానివేయడం తగదు. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం రొయ్యల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా వంటివి ఉన్నట్లయితే ప్యాకెట్టుపై తెలుపవలెను. గృహిణులు దానిని చదివే అలవాటు చేసుకోవాలి.

"ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అని అతిథిని బలవంతం చేయకపోవడమే నిజమైన మర్యాద. ఇప్పుడు మా పొరుగువారు విందుకు పిలిచినప్పుడు, మాకొరకు సొరకాయ కూరను వేరే గిన్నెలో, వేరే గరిటెతో వండుతున్నారు.