పడవ మోటారు గేర్ ఆయిల్లో నీళ్లు – పట్టుకోవడం ఎలా?

గోదావరి పక్కన చదువుకున్న మనకు పడవ కొత్త కాదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు దూకి, మంచిర్యాలలో ఎన్టీఆర్ నగర్ వంటి కాలనీలు మునిగినప్పుడు పడవ విలువ అందరికీ తెలిసింది. వరదలో తిరిగే రబ్బరు పడవల వెనుక తగిలించే యంత్రమే అవుట్‌బోర్డ్ మోటారు. పడవ నిండా మనుషులుండగా దాని గేర్లు పట్టేస్తే ప్రవాహం ఎటు తోస్తే అటు పోవలసిందే. ఐటిఐ, డిప్లొమా చదువుతున్న తమ్ముళ్లు ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఇంజను పైన ఉంటుంది. దాని నుండి నిలువు షాఫ్టు కిందికి దిగి, నీళ్లలో మునిగి ఉండే గేర్ పెట్టెలోకి చేరుతుంది. అక్కడి పళ్ల చక్రాలు ఆ తిరుగుడును అడ్డంగా మళ్లించి ప్రొపెల్లర్‌ను తిప్పుతాయి. పెట్టె లోపల గేర్ ఆయిల్, బయట నది. రెంటినీ విడదీసేవి చిన్న రబ్బరు సీళ్లే. మోటారు సైకిల్ ముందు ఫోర్కు ఆయిల్ సీల్ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఆయిల్ బయటికి కారడం లేదు కదా, నీళ్లు లోపలికి ఎలా వస్తాయి అని చాలామంది అడుగుతారు. మోటారు నడుస్తుంటే ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆపగానే చుట్టూ ఉన్న చల్లటి నీళ్లకు చల్లారి కుంచించుకుంటుంది. అప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, అరిగిన సీల్ గుండా నీటిని పీల్చుకుంటుంది. తొమ్మిదో తరగతి పాఠమే!

పరీక్ష సులభం. మోటారును నిటారుగా ఒక రాత్రి కదలకుండా ఉంచండి. ఉదయం పళ్లెం పెట్టి, కింది స్క్రూను మెల్లగా వదులు చేయండి. నీరు ఆయిల్ కన్నా బరువు కనుక విడిగా ఉంటే ముందు అదే వస్తుంది. ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిసి చిలికినట్టు లెక్క. స్క్రూకు అయస్కాంతం ఉంటే దానినీ చూడండి. మెత్తటి నుసి మామూలే. ఇనుప ముక్కలు అంటుకుంటే గేర్లు దెబ్బతిన్నట్టే.

ఇక నీరు వచ్చిన దారి వెతకాలి. నా లెక్కన మొదట అనుమానించవలసింది స్క్రూల కింది వాషర్లను. పాతవే మళ్లీ బిగించడం మనవాళ్ల అలవాటు. రెండోది ప్రొపెల్లర్ షాఫ్టు సీల్. నదిలో తెగిన వల దారం, గాలం నైలాను షాఫ్టుకు చుట్టుకుని సీల్‌ను కోసేస్తుంది. ప్రొపెల్లర్ ఊడదీస్తే కనిపిస్తుంది. ఆ తరువాత నిలువు షాఫ్టు సీల్, గేర్ మార్చే కడ్డీ సీల్.

కంటికి దొరకకపోతే ఆయిల్ తీసేసి, పై రంధ్రం నుండి గాలి ఎక్కించాలి. సాధారణంగా చదరపు అంగుళానికి 10 నుండి 15 పౌండ్లు చాలు. కంపెనీ పుస్తకంలో ఉన్న అంకె దాటితే మంచి సీల్ కూడా పాడవుతుంది. సబ్బు నురగ పూస్తే గాలి పోయేచోట బుడగలు వస్తాయి, సైకిల్ ట్యూబు పంక్చరు లాగానే. అయితే చాలా మోటార్లలో సీళ్లు జంటగా ఉంటాయి. ఒకటి ఆయిల్‌ను ఆపితే, రెండోది నీటిని ఆపుతుంది. కాబట్టి గాలి పరీక్షలో నెగ్గినా, గాలి లాగేసి చేసే పరీక్ష కూడా చేయాలి.

సీల్ మార్చాక కొత్త వాషర్లు వేసి, ఆయిల్‌ను కింది రంధ్రం నుండే, పై రంధ్రంలో పొంగేదాకా ఎక్కించాలి. పై నుండి పోస్తే లోపల గాలి నిలుస్తుంది. ముందు పై స్క్రూ బిగించి, తరువాత కిందిది. కొన్ని గంటలు నడిపి, మరునాడు మళ్లీ ఆయిల్ రంగు చూడాలి.