ఇంటి ముందు సిమెంటు పోసేముందు ఒక్కమాట: పాదుల పందిరి కింద అతిథుల చావడి

ఈ వారం పంట గురించి కాదు, పంట పక్కన మనుషులు కూర్చునే చోటు గురించి మాట్లాడుకుందాం. కొలతలన్నీ కింద రాశాం. వీడియో చూస్తూ ఒక కాగితం మీద గీసుకుంటే మీ స్థలానికి సరిపోయేలా మార్చుకోవచ్చు.

కూరగాయలు, బియ్యం నేరుగా అమ్ముకునే రైతు ఇంటికి గాజువాక నుంచో, ఉక్కునగరం నుంచో, అనకాపల్లి నుంచో జనం వస్తారు. సంచీ నింపుకుని వెంటనే వెళ్ళిపోరు. కాసేపు కూర్చుంటారు, చేను చూస్తారు, పిల్లలకి ఆవుని చూపిస్తారు. చుట్టాలు సరేసరి. అందుకే ఇప్పుడు చాలామంది ఇంటి ముందు కాస్త ‘కూర్చునే ఏర్పాటు’ చేసుకోవాలనుకుంటున్నారు. అనుకోగానే మేస్త్రీని పిలవడం, నేలంతా సిమెంటు పోయించడం, పైన రేకులు వేయడం! ఏడాదంతా మట్టిలో వానపాములు బతకాలని జీవామృతం పోసే మనం, ఇంటి ముందు నేలని మాత్రం మన చేత్తోనే మూసేస్తున్నాం.

పరవాడలో ఇది ఇంకా ముఖ్యం

పరవాడ పేరు చెప్పగానే బయటివాళ్ళకి రెండు గుర్తొస్తాయి. ఒకటి 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, రెండోది ఫార్మా సిటీ. అందుకని ఇక్కడి రైతు దగ్గరకొచ్చిన మనిషి ధర కన్నా ముందు ఇంకోటి అడుగుతాడు: “ఏమండీ, ఇక్కడ మట్టి, నీళ్ళు మంచివేనా?” అడగడం తప్పు కాదు. పిల్లలకి పెట్టే తిండి కదా.

ఆ ప్రశ్నకి గేటు దగ్గర నిలబడి జవాబు చెబితే నమ్మకం కుదరదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మట్టి చూపించి, పరీక్ష కాగితం చేతిలో పెట్టాలి. ఒక విషయం గుర్తుంచుకోండి. సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవి 12 అంశాలే: నత్రజని, భాస్వరం, పొటాష్, సూక్ష్మ పోషకాలు, ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం వగైరా. సీసం, ఆర్సెనిక్ లాంటి భారలోహాల సంగతి అందులో ఉండదు. బోరు నీటికి, మట్టికి ఆ పరీక్ష విడిగా చేయించుకోవాలి. రిపోర్టు ఎలా వచ్చినా ముందు మనకే మేలు. బాగా వస్తే లామినేషన్ చేయించి పందిరి నడిమి స్తంభానికి కట్టండి. మీ చావడికి అంతకన్నా అలంకారం అక్కర్లేదు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. పీజీఎస్ ఇండియా పద్ధతిలో సర్టిఫికెట్ కావాలంటే కనీసం 5 మంది రైతులు ఒక గుంపుగా చేరాలి. ఒకరి పొలం ఒకరు చూసి, కూర్చుని చర్చించుకుని, కాగితాల మీద సంతకాలు పెట్టాలి. ఆ సమావేశానికి కూడా ఇదే చోటు.

స్థలం ఎంచుకోవడం

వెంటనే గుంతలు తవ్వొద్దు. ముందు నాలుగు మేకులు పాతి తాడు కట్టండి. ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 5కి నీడ ఎటు పడుతోందో చూడండి. మనల్ని కాల్చేది పడమటెండ, కాబట్టి ఆ వైపు దట్టమైన తీగ ఉండాలి. సముద్రం మనకి దక్షిణం, ఆగ్నేయం వైపు ఉంది. ఆ గాలి లోపలికి రావాలంటే దక్షిణం వైపు ఏదీ అడ్డు పెట్టకూడదు.

మూడు జాగ్రత్తలు:
- కొబ్బరిచెట్టు మొదలుకి 10 అడుగుల లోపల ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. కాయ, మట్ట ఎప్పుడు రాలతాయో చెప్పలేం.
- మునగచెట్టు నీడన అరుగు కట్టొద్దు. వానాకాలంలో గొంగళి పురుగులు పడితే వాటి నూగు తగిలి ఒళ్ళంతా దద్దుర్లే.
- జీవామృతం డ్రమ్ములు చావడికి కనీసం 30 అడుగుల దూరంలో, గాలి అటునుంచి ఇటు రాని దిక్కున ఉండాలి. దాచేయమని కాదు. అతిథుల్ని తీసుకెళ్ళి చూపించండి, కానీ వాసనలో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వకండి.

పందిరి: 9 కర్రలు చాలు

20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉంటే 15 మంది హాయిగా కూర్చుంటారు. మన తీరంలో సరుగుడు తోటలకి కొదవ లేదు. 4, 5 అంగుళాల లావు, 10న్నర అడుగుల పొడవున్న సరుగుడు కర్రలు 9 తీసుకోండి. మూడు వరసల్లో మూడేసి పాతాలి. రెండున్నర అడుగులు భూమిలోకి, 8 అడుగులు పైకి. పొడవు వైపు కర్రకీ కర్రకీ 10 అడుగులు, వెడల్పు వైపు 8 అడుగులు వస్తాయి.

చెదలే అసలు శత్రువు. పాతే భాగాన్ని ముందు మంటలో పైపొర నల్లబడేదాకా కాల్చండి. చల్లారాక జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె రెండు పూతలు పూయండి. పలాస వైపు జీడి పరిశ్రమల్లో దొరుకుతుంది. కర్రకి మంచిదే గానీ చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరకి రానివ్వద్దు.

కర్రల మీద పొడవునా 3 వరసలు సరుగుడు వాసాలు, వాటిపైన అడ్డంగా 2 అడుగులకొకటి చొప్పున 11 వెదుర్లు. కట్లు కొబ్బరి తాడుతో వేయండి. ఉప్పుగాలికి కట్టుతీగ ఇట్టే తుప్పు పడుతుంది. తాడయితే వదులైనప్పుడు తెలుస్తుంది, ఏడాదికోసారి మార్చుకోవచ్చు. మూలల్లో ఏటవాలుగా ఆసరా కర్రలు మర్చిపోవద్దు. కాయలతో నిండిన ఆనప పాదు వానలో తడిస్తే బరువు మామూలుగా ఉండదు.

రేకులు ఎందుకు వద్దంటున్నామంటే

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ని ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. గంటకి 170 కిలోమీటర్లకు పైగా గాలి. చెట్లు కూలాయి, రేకులు ఎగిరాయి. ఎగిరే రేకు కత్తితో సమానం. గాలికి ఎదురు నిలబడే కప్పు కన్నా గాలిని పోనిచ్చే కప్పు మనకి మంచిది. తీగల పందిరిలోంచి గాలి దూరిపోతుంది. మహా అయితే ఒక పంట తీగ పోతుంది, నెలన్నర, రెండు నెలల్లో మళ్ళీ పాకుతుంది.

ఎండాకాలం నీడకి షేడ్‌నెట్ వేసుకుంటే దాన్ని ముడితాళ్ళతోనే కట్టండి, మేకులు కొట్టొద్దు. వాతావరణ శాఖ తుపాను అలర్ట్ కనీసం 48 గంటల ముందు, హెచ్చరిక కనీసం 24 గంటల ముందు ఇస్తుంది. అలర్ట్ వచ్చిన రోజే ఇద్దరు మనుషులు గంటలో నెట్ విప్పి చుట్టేసేలా ఉండాలి.

నేల: ఊపిరాడే నేల

ఒక లెక్క చూడండి. 20 అడుగులు, 16 అడుగులు అంటే 320 చదరపు అడుగులు, సుమారు 30 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన లెక్కేసుకున్నా ఈ చిన్న చోటు మీద పడేది 30,000 లీటర్లు. సిమెంటు పోస్తే అదంతా కాలవపాలు. వదిలేస్తే మన బోరుకీ, మన చెట్లకీ.

అందుకే మొత్తం నేల కప్పొద్దు. నడుమ 12 అడుగులు, 12 అడుగుల చదరం ఒక్కటే ఇటుక పరుద్దాం. చుట్టూ మిగిలింది మట్టి నేలే, పేడతో అలుక్కోవడమే. నడిమి చదరంలో 6 అంగుళాలు తవ్వితే 72 ఘనపుటడుగుల పైమట్టి వస్తుంది. దాన్ని పారబోయొద్దు, ట్రాక్టరు వాడికి ఇవ్వొద్దు. అది ఆకుకూరల మడులకి బంగారం. తవ్విన చోట 3 అంగుళాలు గ్రావెల్ పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టండి, పైన అంగుళం ఇసుక, దాని మీద ఇటుకలు. సందుల్లో ఇసుకే నింపాలి, సిమెంటు కాదు. 9 అంగుళాలు, 4 అంగుళాల ఇటుకయితే సుమారు 580 పడతాయి. ఒక వైపుకి 2 అంగుళాల వాలు ఇచ్చి, ఆ చివర అరటి గుంత పెట్టండి.

ఏ ఇటుక? ఎర్ర ఇటుక అంటే ఎవరి పొలం పైమట్టో కాల్చిందే. మన పక్కనే థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి ఫ్లైయాష్ ఇటుక సులువుగా దొరుకుతుంది. బూడిద వాడకం పెంచాలని కేంద్రం 1999లోనే నోటిఫికేషన్ తెచ్చింది. నడవడానికి, అరుగుకి అది వాడుకోవచ్చు. అయితే విడి బూడిద సంగతి వేరు. చవగ్గా వస్తోంది కదా అని గుంతలు పూడ్చడానికి గానీ, పాదుల దగ్గర గానీ పోయించొద్దు. దుమ్ము లేస్తుంది, అందులో కొద్దికొద్దిగా ఉండే లోహాలు నీటితో కిందికి దిగుతాయి. విరిగిన ఇటుక ముక్కల్ని కూడా మడుల్లో కలపొద్దు.

పడమర వైపు అడుగున్నర ఎత్తు, అడుగున్నర వెడల్పుతో ఒక అరుగు కట్టండి. పెద్దవాళ్ళు మోకాళ్ళు పట్టుకోకుండా లేవగలిగే ఎత్తు అది. మిగతావాళ్ళకి నులక మంచాలు, చాపలు చాలు.

ఏ వైపు ఏ తీగ

కర్రల బయట, దక్షిణం తప్ప మిగతా మూడు వైపులా మొత్తం 8 గుంతలు, రెండేసి అడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఒక్కో గుంతకి 10 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో ఘనజీవామృతం. 15 రోజులకోసారి జీవామృతం.

- పడమర: దొండ. కొమ్మ పాతితే చాలు, ఏళ్ళ తరబడి ఉంటుంది. నీరందితే ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటుంది.
- ఉత్తరం: చిక్కుడు. సంక్రాంతికి చుట్టాలొచ్చే వేళకి పూత, కాయ రెండూ కనిపిస్తాయి.
- తూర్పు: ఆనప, బీర. వీటిని కప్పు మీదకి పాకించాలి. జూన్‌లో విత్తితే ఆగస్టుకల్లా నీడ.
- దక్షిణం: ఖాళీ. ద్వారం దగ్గర ఒక సన్నజాజి పెట్టుకుంటే సాయంత్రం వాసన మన సొంతం.

కర్రలు మే నెలలోనే పాతేస్తే తొలకరికి విత్తనం వేసుకోవచ్చు. అతిథులొచ్చే రోజు పందిరి మీద నీమాస్త్రం, అగ్నిఅస్త్రం కొట్టొద్దు. రెండు రోజుల ముందే పని ముగించుకోండి.

వంట, వెలుతురు, దోమలు

ఎండిన తీగలు, తాటాకులు ఇట్టే అంటుకుంటాయి. మట్టిపొయ్యి పందిరికి 15 అడుగుల దూరంలో, గాలి పందిరి వైపు వీచని చోట ఉండాలి. పక్కనే రెండు బకెట్ల నీళ్ళు. పొయ్యి బూడిద వంగ మొక్కల మీద చల్లుకోవచ్చు.

తెల్లటి లైట్లు పురుగుల్ని బాగా లాగుతాయి. మనకి మేలుచేసే పురుగులు కూడా వాటి చుట్టూ తిరిగి చస్తాయి. పసుపురంగు బల్బులు తక్కువ ఎత్తులో పెట్టి, అతిథులు వెళ్ళగానే ఆర్పేయండి. తొట్లలో, పళ్ళేల్లో నిలవున్న నీటిని వారానికోసారి పారబోస్తే దోమ గుడ్డు దోమ కాకుండానే పోతుంది. కూర్చునే చోటు చుట్టూ 3 అడుగులు ఆకులు, కట్టెలు లేకుండా ఊడ్చి ఉంచండి. మల్చింగ్ చేనుకి మంచిదే, కానీ అరుగు పక్కన అది పాముకి ఇల్లు.

వడ్డనకి ప్లాస్టిక్ ప్లేట్లు తేవద్దు. మన ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్ళు ఉన్నాయి, పెరట్లో అరటాకు ఉంది. తిన్నాక రెండూ కంపోస్టులోకే. చేతులు కడిగిన నీరు అరటి గుంతలోకి. గ్లాసుడు చోడి అంబలి, అనకాపల్లి బెల్లంతో నాలుగు వేరుశెనగ ఉండలు ఇస్తే చాలు. పట్నం మనిషికి అవి హోటల్లో దొరకవు.

చివరగా

పందిరి కుదరలేదనుకోండి, కర్రలు పీకేసి ఆ చోట మళ్ళీ వంగ నారు వేసుకోవచ్చు. సిమెంటుకి ఆ అవకాశం లేదు. పగలగొట్టినా కింది మట్టి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఫ్యాక్టరీల మధ్య మిగిలిన మన మట్టిలో ప్రతి అడుగూ లెక్కే. మన ఇంటికొచ్చిన మనిషి చెప్పులిడిచి మొదట కాలు పెట్టేది ఆ అడుగు మీదే. అది బతికున్న మట్టి అయితే, మన పంట గురించి సగం మాట అదే చెబుతుంది.

వచ్చే ఆదివారం నాలుగు మేకులు, ఒక తాడు తీసుకుని మీ ఇంటి ముందు నీడ కొలవండి. కొలతలు, ఫొటో కింద కామెంట్లో పెడితే ఏ వైపు ఏ పాదు బాగుంటుందో అందరం కలిసి మాట్లాడుకుందాం.