టవర్ మీద నేరం మోపే ముందు

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కాలనీల్లో పిచ్చుకలు కనబడకపోతే అనుమానం ముందుగా డాబాల మీది సెల్ టవర్ల మీదికే పోతుంది. సెల్ రేడియేషన్ పక్షులను చంపుతుందన్న కథతో 2018లో వచ్చిన ‘2.0’ సినిమా దాన్ని మరింత బలపరిచింది. కానీ భారత పక్షుల స్థితిపై 2020లో వెలువడిన నివేదిక మాట వేరు: పాతికేళ్లుగా దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గింది. టవర్లు పల్లెల్లోనూ ఉన్నాయి కదా! పెంకుటిళ్ల చూరులు పోయి కాంక్రీటు లేచిన చోట గూటికి సందు లేదు, పిల్లల నోట పెట్టడానికి పురుగు లేదు. అసలు కారణం అక్కడే వెతకాలని నా అభిప్రాయం.

అలాగని రేడియేషన్‌ను నిర్దోషిగా వదిలేయలేం. నగరంలోని విద్యుదయస్కాంత రొద రాబిన్ పక్షుల దిశాజ్ఞానాన్ని దెబ్బతీస్తుందని 2014లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. అయితే అవి 5 మెగాహెర్ట్జ్‌కు లోపలి తరంగాలు. ఫోన్లవి వందల మెగాహెర్ట్జ్‌లు, ఆపైన. 2018లో ఫలితాలు వెలువడిన అమెరికా ప్రయోగంలో, సెల్‌ఫోన్ రేడియేషన్‌కు గురిచేసిన కొన్ని మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయి. వాటికి రోజుకు 9 గంటలపాటు ఇచ్చిన మోతాదు టవర్ కింద మనకు తగిలేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2012 సెప్టెంబరు నుంచి టవర్ల రేడియేషన్‌పై మన దేశ పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతే కదా అంటారు. నిజమే, కానీ అది మనుషుల కోసం కట్టిన లెక్క. యాంటెన్నా ఎదుటే వాలే కాకి సంగతి అందులో లేదు. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ రెండూ ఉప్పల్ రోడ్డులోనే ఉన్నాయి. టవర్లకు దగ్గరలోనూ దూరంలోనూ గూళ్లు లెక్కపెట్టి, తరంగాల తీవ్రత కొలిచే అధ్యయనం ఈ కాలనీల్లోనే మొదలుపెట్టాలి.